మామునూరులో దిగిన సూది

వరంగల్ పక్కనున్న మామునూరు రన్‌వేను భాస్కరే కోరి ఎంచుకున్నాడు. విమానాల పరీక్ష బెంగుళూరులో చేద్దాం, మద్రాసులో చేద్దాం, అక్కడైతే పొడుగాటి రన్‌వేలూ పెద్ద పెద్ద షెడ్లూ ఉన్నాయని ఎంతమంది చెప్పినా వినలేదు. నిజాం కాలంలో వేసిన, ఇప్పుడు పక్కల గొర్రెలు మేస్తున్న ఆ దారే కావాలని పట్టుబట్టాడు.

ఆ పట్టుదలకు కారణం ఉంది. అరేబియా సముద్రంలో సెరుంబా అని ఒక చిన్న దేశం. చెట్టు కనిపించని రాతి దీవి. రాజు ఉన్నాడు, జెండా ఉంది, పాతబడిన పంకా విమానాలు కొన్ని ఉన్నాయి. దేశం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క రన్‌వే. దాని రెండు కొసలా సముద్రమే. పక్కనున్న పెద్ద దేశం కొత్తగా జెట్లు కొనుక్కుని, ఆ దీవి మీదుగా ఇళ్ళు అదిరేటట్టు పోవడం మొదలుపెట్టింది. రాజుకు రోషం పుట్టింది. మనకూ జెట్లు కావాలన్నాడు. ఏ జెట్టు కొనాలో తేల్చడానికి ముగ్గురిని నియమించాడు.

మొదటివాడు రాజుగారి బావమరిది కర్నల్ మొరాని. వైమానిక దళానికి పెద్ద ఆయనే గానీ విమానం నడపడం రాదు. రెండోవాడు లెఫ్టినెంట్ తమీన్. ఆ దేశపు పైలట్లలో అందరికన్నా చేయి తిరిగినవాడు, అందరికన్నా చిన్నవాడు కూడా. మూడోవాడు వాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు. హనుమకొండ చౌరస్తాలో బియ్యం, పప్పుల దుకాణం వాళ్ళ చిన్నకొడుకు భాస్కర్.

దుకాణం వద్దని భాస్కర్ పద్దెనిమిదేళ్ళకే వైమానిక దళంలో చేరాడు. జెట్లు నడిపాడు. ఒకనాడు గాల్లో ఇంజన్ ఆగిపోతే విమానం వదిలి దూకాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ వెన్నుపూస చితికింది. మళ్ళీ జెట్టు ఎక్కకూడదని డాక్టర్లు తేల్చి చెప్పి, ఉద్యోగం నుంచి పంపించేశారు. ఇంటికొచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుందామని ప్రయత్నించాడు. కుదరలేదు. ఆకాశంలో ఏ చప్పుడు వినిపించినా గడపలోకి వచ్చి తల పైకెత్తి నిలబడేవాడు. అలాంటప్పుడు పాత స్నేహితుడొకడు సెరుంబా పని చూపించాడు.

సెరుంబా రన్‌వే పొడుగూ మామునూరు రన్‌వే పొడుగూ దాదాపు ఒకటే. సెరుంబాలో కాసే ఎండా వరంగల్ మే నెల ఎండా ఒకటే. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో విమానం లేవడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి, దిగాక ఆగడానికీ ఎక్కువ దూరం పోవాలి. ఇక్కడ మిట్ట మధ్యాహ్నం లేచి దిగగలిగిన విమానమే అక్కడ బతుకుతుంది. భాస్కర్ లెక్క అదే. ఢిల్లీ నుంచి అనుమతులు తెచ్చుకోవడానికే చలికాలమంతా పట్టింది. ౧౯౬౨ ఎండాకాలంలో అందరూ వరంగల్ వచ్చారు.

కర్నల్ సుబేదారిలో గెస్ట్‌హౌస్‌లో దిగాడు. తమీన్ మాత్రం భాస్కర్ వాళ్ళింట్లోనే ఉంటానన్నాడు. భాస్కర్ తల్లి లక్ష్మీనర్సమ్మకు కళ్ళు మసకబారుతున్నా చెవులు చురుకే. తమీన్ అనే పేరు ఆమె నోటికి పట్టలేదు. మొదటి రోజే తామయ్య అని పేరు మార్చేసింది.

"తామయ్యా, ఇంకో రొట్టె ఏసుకో బిడ్డా. గా ఆకాశంల పెట్టెటోళ్లు ఎవరుంటరు నీకు?"

ఆమె తెలుగు అతనికి రాదు, అతని ఇంగ్లీషు ఆమెకు రాదు. అయినా రొట్టె వేసుకునేవాడు. మామిడికాయ తొక్కుతో కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం పెట్టమని వేలితో చూపించేవాడు.

మొదటి కంపెనీ విమానం బొద్దుగా, వెడల్పాటి రెక్కలతో ఉండేది. దాన్ని చూడ్డానికి బండ్లు కట్టుకొని వచ్చిన చుట్టుపక్కల ఊళ్ళ జనం బర్రె అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే ఎండను లెక్కచేయలేదు. పొద్దున ఎగిరింది, మధ్యాహ్నం ఎగిరింది, ఇనుము ముట్టుకుంటే చేయి కాలే వేళ కూడా రన్‌వే సగం దాటగానే లేచింది. తమీన్ దాన్ని నడిపి దిగివచ్చి, "పాత బస్సు తోలినట్టుంది" అని నవ్వాడు.

కర్నల్ నవ్వలేదు. "పక్కవాళ్ళ జెట్టు దీనికంటే జోరుగా పోతుంది. ఇది కొంటే మా పిల్లలు కూడా నవ్వుతారు" అన్నాడు.

రెండో కంపెనీ విమానం వారం తర్వాత దిగింది. అది వచ్చే చప్పుడు ముందు వినిపించలేదు. విమానమే ముందు కనిపించింది, వెనక నుంచి చప్పుడొచ్చి గూబల మీద పడింది. సన్నగా, పొడుగ్గా, మూతి మొనదేలి ఉంది. రెక్కలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. దాన్ని చూసిన జనం ఈసారి దగ్గరికి పోలేదు. సూది అని పేరు మాత్రం పెట్టారు. రన్‌వే చివర చేనున్న సమ్మమ్మ అనే ముసలామె మాత్రం భాస్కర్‌ను పట్టుకుని అడిగింది.

"సారూ, గిది మంచిదేనా? గిది వచ్చిన కాన్నుంచి నా మేకలు మేత ముడుతలేవు."

భాస్కర్ ఏదో చెప్పి తప్పించుకున్నాడు. మంచిదో కాదో తనకూ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. సూదిని చూడగానే తన చేతులు విమానం నడిపే స్టిక్ కోసం వెతుక్కున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సూది పొద్దున్నే ఎగిరేది. వెలుగు రాగానే కంపెనీ పైలట్ ఎక్కేవాడు, నిప్పు కక్కుతూ లేచేవాడు, కాసేపట్లో ఎక్కడో చుక్కై మాయమయ్యేవాడు. దిగేటప్పుడు మాత్రం భాస్కర్ దాని చక్రాల మీంచి చూపు తిప్పేవాడు కాదు. నేల తాకేటప్పుడు కూడా అంత వేగం. తోక వెనక గుడ్డ గొడుగు విచ్చుకుని వెనక్కి లాగితే తప్ప ఆగదు. పొద్దుటి చల్లగాలిలోనే రన్‌వే చివరిదాకా పోయి ఆగుతోంది.

"మధ్యాహ్నం ఎగరాలి" అన్నాడు భాస్కర్.

మర్నాడు ఇంధనం రాలేదన్నారు. ఆ తర్వాతి రోజు గాలి సరిగా లేదన్నారు. ఇంకో రోజు చక్రాల్లో ఏదో మార్చాలన్నారు. మధ్యాహ్నం ఎప్పుడూ రాలేదు. కర్నల్‌కు కూడా విసుగొచ్చింది, కాని విమానం మీద కాదు, భాస్కర్ మీద. "మా యుద్ధాలు పొద్దున్నే చేసుకుంటాంలే" అన్నాడు. చుట్టూ ఉన్న కంపెనీవాళ్ళు నవ్వారు. తమీన్ నేలచూపులు చూశాడు.

ఆ సాయంత్రం భాస్కర్ ఇంటికి వచ్చేసరికి అన్న పాండురంగం గడపలోనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"తమ్మీ, జర ఇట్ల రా. మన రోజులు తిరిగినయ్‌రా. రాజేశ్వర్ రావు గారని హైద్రాబాద్ ఆసామి దుకాణానికి వచ్చిండు. ఆయిల్ ఇంజన్ల ఏజెన్సీ మనకే ఇస్త అంటాండు. ములుగు నుంచి మరిపెడ దాంక ఏ రైతు బాయికి ఇంజన్ పెట్టాలన్నా మన గడప తొక్కాల్సిందే. కొత్త బోర్డు రాయిస్తాన్న."

దుకాణం ముందు నిచ్చెన వేసి ఉంది. పైన పెయింటర్ అప్పుడే ఆకుపచ్చ రంగు పూస్తున్నాడు.

"ఆయనెవరో తెలుసా అన్నా?"

"వ్యాపారస్తుడు. ఇంకెవరు?"

"సూదిని అమ్మే కంపెనీకి ఈ దేశంలో ఏజెంటు ఆయనే."

పాండురంగం ఒక్క క్షణం తమ్ముణ్ణి చూశాడు. "అయితేంది? నీ విమానాలకూ నా దుకాణానికీ ఏం సంబంధం? నీ పేరు కూడ ఎత్తలేదాయన. మంచి చెడ్డ అడిగిండు, అమ్మకు దండం పెట్టిండు, పోయిండు. ఇన్నేండ్లకు నాకొక్క మంచి బేరం వస్తే దాంట్ల కూడ నువ్వు వంక వెడుతవా?"

"బోర్డు ఆపించు అన్నా."

"ఆపను పో" అని పాండురంగం లోపలికి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములిద్దరూ అలా గొంతు పెంచుకోవడం తల్లి ఎప్పుడూ వినలేదు. చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా చేతులు ఆపి కూర్చుంది.

భాస్కర్ అప్పటికప్పుడు సుబేదారికి వెళ్ళాడు. గెస్ట్‌హౌస్ వరండాలో తడిపిన వట్టివేళ్ళ తెరల వెనక రాజేశ్వర్ రావు కూర్చుని ఉన్నాడు. తెల్లటి బట్టలు, నున్నగా దువ్విన నెరిసిన జుట్టు. భాస్కర్‌ను చూడగానే పెద్దవాడై ఉండి కూడా లేచి నిలబడ్డాడు.

"రాండ్రి భాస్కర్ సాబ్. మీ కోసమే చూస్తున్న. షర్బత్ తాగుతరా?"

"మా అన్నను ఈ పనిలకు లాగొద్దు."

"లాగుడేంది? నాకు మంచి మనుషులు కావాలె, ఆయనకు మంచి పని కావాలె." రాజేశ్వర్ రావు గొంతు ఎక్కడా పెరగలేదు. "అమ్మగారి కండ్లకు శుక్లాలట కదా. ఆలస్యం చెయ్యొద్దు. మద్రాసుల మనకు తెలిసిన డాక్టర్ ఉన్నడు. మీ నడుము కూడ ఆయన దోస్తుకే చూపిద్దాం. రాత్రిపూట పక్క మీద తిరగనిస్తలేదట కదా."

రాత్రిపూట నొప్పి సంగతి తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. తనకు దండం పెట్టిన మనిషిని కూర్చోబెట్టి తల్లే మంచి చెడ్డా చెప్పుకొని ఉంటుంది.

"నేను అడిగేది ఒక్కటే. మధ్యాహ్నం ఎగిరి చూపెట్టుండ్రి" అన్నాడు.

"ఎగురుతది. రేపే ఎగురుతది" అన్నాడు రాజేశ్వర్ రావు, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు. "అయితే కంపెనీ పైలట్ ఎక్కడు. ఆయన కాంట్రాక్టుల అది లేదట. వాళ్ల దేశపు పిలగాడే ఎగురుతడు. కర్నల్ సాబ్ హుకుం ఇచ్చిండు. మీరు అడిగిందే చేస్తున్నం, మళ్ల కాదనొద్దు."

షర్బత్ గ్లాసు భాస్కర్ ముందుకు జరిపి, ఇంకో మాట లేకుండా నవ్వాడు.

ఇంటిదాకా ఎలా నడిచాడో భాస్కర్‌కు తెలియదు. నిజం బయటపడాలంటే ఎవరో ఒకరు ఆ విమానాన్ని మధ్యాహ్నం నడపాలి. ఇన్నాళ్ళూ ఆ ఎవరో కంపెనీ మనిషే అనుకున్నాడు, తన తల్లి చేతి రొట్టె తింటున్న కుర్రవాడవుతాడని అనుకోలేదు. వద్దంటే, పొద్దుటి చల్లగాలిలో ఎగిరింది చూసే సూదిని కొనేస్తారు.

తమీన్ మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని వేయిస్తంభాల గుడి వైపు చూస్తున్నాడు. పొద్దుగుంకుతోంది.

"నేను మాట వెనక్కి తీసుకుంటాను. మధ్యాహ్నం పరీక్ష అక్కర్లేదని చెప్తాను" అన్నాడు భాస్కర్ ఇంగ్లీషులో.

"అప్పుడేమవుతుంది?"

"నువ్వు బతుకుతావు."

తమీన్ తల అడ్డంగా ఊపాడు. "ఎన్నాళ్ళు? దాన్ని కొంటారు. ఆ తర్వాత నేనూ, నా వెనకవాళ్ళూ మా దీవిలో మధ్యాహ్నాలే ఎగరాలి. అక్కడ రన్‌వే చివర సముద్రం ఉంది సార్. ఇక్కడ చేనుంది. ఎగిరేదేదో ఇక్కడే ఎగరనీండి. అది ఆగకపోతే ఆ సంగతి అందరూ కళ్ళారా చూస్తారు. అప్పుడు నేనే చెప్తాను వద్దని. నా మాట కర్నల్ తీసేయలేడు."

ఇద్దరూ చీకటి పడేదాకా లెక్కలు వేసుకున్నారు. రన్‌వే పక్కన ఒకచోట సున్నం కొట్టిన డ్రమ్ము పెట్టాలి. అక్కడికి వచ్చేసరికి చక్రాలు నేల విడవకపోతే ఇంజన్ తగ్గించి ఆపేయాలి. డ్రమ్ము దగ్గర రేడియోతో భాస్కర్ నిలబడతాడు. అతను ఆపమంటే ఆపాలి.

"మాటివ్వు" అన్నాడు భాస్కర్.

"ఇచ్చాను సార్."

మర్నాడు ఎండ నిప్పులు చెరిగింది. రన్‌వే మీద గాలి నీళ్ళలా కదులుతోంది. సూది దాని మీద నిలబడలేదు, తేలుతున్నట్టుంది. భాస్కర్ పొద్దున్నే చేలవైపు వెళ్ళి సమ్మమ్మను హెచ్చరించి వచ్చాడు.

"పొద్దుగాలనే గదా సారూ అది లేసేది?"

"ఇయ్యాల మధ్యానం లేస్తది అవ్వా. మేకల తోలుకొని ఊర్లెకు పో. పొద్దుగూకే దాంక ఇటు రావద్దు."

ఆమె ఇంకేమీ అడగకుండా మేకలను అదిలించుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

షెడ్డు నీడలో కర్నల్, రాజేశ్వర్ రావు, కంపెనీవాళ్ళు కుర్చీలు వేసుకున్నారు. తమీన్ చేతులకు తొడుగులు వేసుకుని నిచ్చెన ఎక్కాడు. ఎక్కేముందు భాస్కర్ వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

ఇంజన్ అరుపుకు నేల వణికింది. సూది కదిలింది. మొదట్లో బరువుగా, ఏదో ఈడ్చుకు పోతున్నట్టు వచ్చింది. భాస్కర్ డ్రమ్ము పక్కన నిలబడి చక్రాలనే చూస్తున్నాడు. అవి నేలనే అంటుకుని ఉన్నాయి. దగ్గరికొస్తోంది. ఇంకా నేలమీదే ఉంది. ముక్కు కూడా లేవలేదు.

"ఆపు! తమీన్, ఆపెయ్!"

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. సూది డ్రమ్మును దాటిపోయింది. దాని వేడి భాస్కర్ ముఖాన్ని కొట్టింది. "ఆపు! ఆపు!" అని అరుస్తూనే ఉన్నాడు. రన్‌వే అయిపోతోంది. అవతల చేను, చేను గట్టున తాటిచెట్లు. చివరి గజాల్లో ముక్కు లేచింది. చక్రాలు దుమ్మును తన్నాయి. తాటిమట్టలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారిగా వంగి లేచాయి. వాటి మీదుగా సూది పోయింది.

ఆ తర్వాత ఆకాశం ఖాళీ. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. షెడ్డులో ఎవరో చప్పట్లు కొట్టారు.

తమీన్ ఎంత పైకి వెళ్ళాడో తెలియదు. తిరిగొచ్చేసరికి భాస్కర్ చొక్కా మొత్తం తడిసిపోయింది. సూది వచ్చింది, నేలను తాకింది. గొడుగు విచ్చుకుంది. విచ్చుకున్న మరుక్షణమే గుడ్డ చీలి పేలికలై వెనక కొట్టుకుంది. సూది ఆగలేదు. చక్రాల దగ్గర పొగ, పొగలో మంట. డ్రమ్ము దాటింది, రన్‌వే దాటింది, చేలో పడి ఎర్రమట్టిని దున్నుకుంటూ పోయి, తాటిచెట్లకు ఇవతలే మూతి నేలకు గుచ్చుకుని నిలిచింది.

భాస్కర్ నడుము నొప్పి మరచి పరిగెత్తాడు. అతను చేరేసరికి తమీన్ దిగి చేలో నిలబడి ఉన్నాడు. కాలిన రబ్బరు కంపు. చక్రాల మీద ఇసుక చల్లుతున్నారు. కర్నల్ జీపులో వచ్చాడు.

"ఆగింది కదా" అన్నాడు కర్నల్, విమానం చుట్టూ ఒకసారి తిరిగి.

"గొడుగు మడతపెట్టినవాడి తప్పు. విమానానిది కాదు" అన్నాడు కంపెనీ పెద్ద.

భాస్కర్ తమీన్ వైపు చూశాడు. ఇప్పుడు చెప్పాలి. అందరూ కళ్ళారా చూశారు. ఇంక ఒక్క మాట చాలు.

"చెప్పు లెఫ్టినెంట్. విమానం ఎలా ఉంది?" అన్నాడు కర్నల్.

తమీన్ శిరస్త్రాణం తీశాడు. తల నుంచి చెమట ధారలుగా కారుతోంది. భాస్కర్ కళ్ళలోకి చూడలేదు. సూది వైపే చూస్తూ, "మంచి విమానం సార్. చాలా మంచి విమానం" అన్నాడు.

ఆ సాయంత్రం తమీన్ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. లక్ష్మీనర్సమ్మ చల్ల గ్లాసు చేతికిచ్చింది. గ్లాసు అంచు అతని పళ్ళకు తగిలి టకటకమంది. ఆమె కళ్ళకు కనిపించకపోయినా ఆ చప్పుడు వినిపించింది.

"ఈ పిలగాడు దడుసుకున్నడు బిడ్డా. దిష్టి తీస్త ఉండు" అంటూ లేచింది.

భాస్కర్ అతణ్ణి మిద్దె మీదికి తీసుకెళ్ళాడు. "ఏం ఇస్తామన్నారు నీకు?"

"ఏమీ లేదు."

"కర్నల్ బెదిరించాడా?"

"లేదు సార్. ఎవరూ ఏమీ అనలేదు."

"నేను ఆపమన్నది వినిపించలేదా?"

"వినిపించింది." తమీన్ రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు. "ఆపుదామనే అనుకున్నాను. ఇంజన్ తగ్గించే పిడి మీదే చేయి ఉంది. కానీ అది లాగుతోంది సార్. వీపు మీద చేయి వేసి ఎవరో తోసినట్టు. ఇంకొక్క క్షణం చూద్దామనిపించింది. లేచాక..." అని ఆగాడు. "పైన ఆకాశం నల్లగా ఉంది. పట్టపగలే నల్లగా. కింద మీ ఊరు, చెరువులు, కొండలు, అన్నీ అరచేతిలో పట్టేంత. ఆ ఎత్తున, ఆ వేగంలో నన్ను ఎవడూ ముట్టుకోలేడు. పక్క దేశంవాళ్ళు ఏళ్ళ తరబడి మా నెత్తి మీదుగా పోతుంటే తలొంచుకుని నిలబడ్డవాణ్ణి సార్ నేను. నాకు సముద్రం గుర్తు రాలేదు. ఏదీ గుర్తు రాలేదు."

"ఆ విమానం నిన్ను చంపుతుంది."

"నేను జాగ్రత్తగా నడుపుతాను. మిగతావాళ్ళకు నేర్పుతాను."

భాస్కర్‌కు కోపం రావాలి. రాలేదు. వచ్చింది అసూయ. పట్టపగలు నల్లటి ఆకాశం అనగానే తన వెన్నులో ఆ పాత నొప్పి పక్కనే ఇంకేదో కదిలింది. ఇరవై అయిదేళ్ళ వయసులో తననెవరైనా అడిగి ఉంటే ఇదే మాట చెప్పేవాడు. కింద నుంచి మిరపకాయలు మాడుతున్న ఘాటు వస్తోంది. తల్లి దిష్టి తీయడానికి రమ్మని పిలుస్తోంది.

కమిటీ నిర్ణయం మీద భాస్కర్ సంతకం పెట్టలేదు. ముగ్గురిలో ఇద్దరు చాలన్నాడు కర్నల్. భాస్కర్ కొలువు ఆ రోజుతోనే ముగిసింది. తమీన్ వెళ్ళేటప్పుడు లక్ష్మీనర్సమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. ఆమె మూటకట్టిన సకినాలు చంకలో పెట్టుకుని, భాస్కర్ చేయి ఒకసారి నొక్కి జీపెక్కాడు.

ఆయిల్ ఇంజన్లు రాలేదు. పాండురంగం హైద్రాబాద్ పోయి రెండుసార్లు తిరిగి వచ్చాడు. రాజేశ్వర్ రావు గారు ఊళ్ళో లేరన్నారు. సగం రాసిన ఆకుపచ్చ బోర్డును దించి, గోదాములో బస్తాల వెనక పెట్టించాడు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడడమే మానేశాడు. ఒకే పంక్తిలో భోజనానికి కూర్చునేవారు, ఒకరికి కావలసింది ఇంకొకరు తల్లితో అడిగించుకునేవారు.

ఆ ఏడే చైనాతో యుద్ధం వచ్చింది. తనను మళ్ళీ వైమానిక దళంలోకి తీసుకొమ్మని భాస్కర్ సికింద్రాబాద్ పోయి అడిగాడు. నడుము పరీక్ష చేసి వెనక్కి పంపారు. దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. సెరుంబా నుంచి ఏ కబురూ లేదు. సూదులు దిగాయని, రాజుగారి ఊరేగింపు మీదుగా వరసగా పోయాయని ఇంగ్లీషు పత్రికలో రెండు ముక్కలు చదివాడు. ఆ పెద్ద దేశం జెట్లు అటు రావడం మానేశాయట. తాను పొరబడ్డానేమో అనుకున్నాడు. పొరబడి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చౌరస్తాలో దుకాణం ముందు కారు ఆగింది. రాజేశ్వర్ రావు దిగాడు. అదే తెల్లబట్టలు, అదే మర్యాద. పాండురంగం అతణ్ణి చూసి కుర్చీలోంచి లేవలేదు.

"ఒక దుఃఖవార్త భాస్కర్ సాబ్" అన్నాడు రాజేశ్వర్ రావు. "తమీన్ పోయిండు."

భాస్కర్ చేతిలో ఉన్న తక్కెడ కింద పెట్టాడు. ఏ వేళప్పుడని అడగలేదు. అడక్కుండానే ఆయన చెప్పాడు. మధ్యాహ్నం. దిగేటప్పుడు గొడుగు విచ్చుకోలేదు. సముద్రంలోంచి తీశారు. అంతకుముందే ఇంకో ఇద్దరు పోయారు. మిగిలిన పిల్లలకు నేర్పేవాడు లేడు.

"కర్నల్ సాబ్ మిమ్మల్నే పిలుస్తాండు. అప్పుడు వద్దన్నది మీరొక్కరే. మీరు నేర్పిస్త అంటే పిలగాండ్లకు ధైర్యమొస్తది. జీతం మీరు ఎంతంటే అంత."

"విమానాలు వాపసు తీసుకొమ్మని మీ కంపెనీకి చెప్పుండ్రి."

"అమ్మినంక వాపసు ఉండదు కదా సాబ్." రాజేశ్వర్ రావు దుకాణం చుట్టూ చూశాడు. "వాళ్లు ఎగురుడైతే బంద్ చెయ్యరు. మీరు పోయినా ఎగురుతరు, పోకున్నా ఎగురుతరు. ఆలోచించుకోండ్రి" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి వస్తున్న లక్ష్మీనర్సమ్మ చెవిన తమీన్ పోయాడన్న మొదటి మాటే పడింది. గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. "పైలంగ, మెల్లగ దిగుమని చెప్పలేకపోతిరారా మీరు, గంత చదువుకున్నోళ్లు" అని ఏడ్చింది.

అయిదో రోజు భాస్కర్ ట్రంకు పెట్టె దించి దుమ్ము దులిపాడు. అక్కడ ఇంకా కుర్రవాళ్ళున్నారు, వాళ్ళు ఎగురుతారు. డ్రమ్ము ఎక్కడ పెట్టాలో, గొడుగు ఎలా మడవాలో, ఎప్పుడు ఎగరకూడదో చెప్పేవాడు ఒకడుండాలి. తాను వెళ్తే ఒకరిద్దరైనా బతికి మిగులుతారు. తల్లికి అదే చెప్పాడు. తనకూ అదే చెప్పుకున్నాడు.

కాజీపేట స్టేషన్‌లో బండి ఎక్కేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పాండురంగం కనిపించాడు. దుకాణం వదిలి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చినట్టున్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"అమ్మ గురించి ఫికర్ చెయ్యకు. కండ్ల ఆపరేషన్ ఇక్కడి దవాఖానలనే చేపిస్త" అన్నాడు.

భాస్కర్ తలూపాడు. గార్డు ఈల వేశాడు. పాండురంగం కిటికీ చువ్వ పట్టుకుని బండితోపాటు నడవసాగాడు.

"వాళ్లకు నేర్పియ్యి తమ్మీ, అది పుణ్యమే. నువ్వు మాత్రం దాన్ని ఎక్కకు. నా మీద ఒట్టేసి చెప్పు."

"నా నడుముకు నన్ను ఎక్కనియ్యరు అన్నా."

"ఎక్కనియ్యరు అంటానవ్" అన్నాడు పాండురంగం, అడుగులు వేగం చేస్తూ. "ఎక్కను అంటలేవు."

భాస్కర్ నోరు తెరిచాడు. బండి వేగం అందుకుంది. అన్న చేయి చువ్వ మీంచి జారిపోయింది.